నిర్వాసిత కుటుంబాలకి వోచర్లు ఇచ్చేటప్పుడు అసలు పనంతా షాపు దగ్గరే ఉంటుంది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండి: గొడవల వల్ల ఊళ్లు వదిలొచ్చిన కుటుంబాలు ఒక టౌన్ చుట్టూ సర్దుకున్నాయి, కొందరు అద్దెకి, కొందరు బడుల్లో, కొందరు గుడారాల్లో. మీ సంస్థ మొదటిసారి వోచర్లు, అంటే ఒప్పందం ఉన్న షాపుల్లో మాత్రమే సరుకుకి చెల్లే కాగితాలో కార్డులో, ఇద్దామనుకుంటోంది, ఎందుకంటే చేతికి డబ్బిస్తే దుబారా అవుతుందని పైవాళ్ల భయం. వోచర్ నిజంగా బెటరా, పేపర్ పెట్టాలా కార్డు పెట్టాలా, షాపుల్ని ఎలా ఎంచుకోవాలి అని మీ డౌట్. ఈ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నా కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నా.

ముందు ఆ దుబారా భయం సంగతి చూద్దాం. కారణం అదొక్కటే అయితే వోచర్ పెట్టకండి. డబ్బిస్తే తాగుడుకి తగలేస్తారు అనేది దాదాపు ప్రతి మీటింగులో వినిపించే మాట, కానీ దీనిమీద జరిగిన స్టడీలు చాలావరకు ఆ మాట నిజం కాదనే తేల్చాయి. కాంగోలో మసీసీ ప్రాంతంలో ఒక నిర్వాసితుల క్యాంపులో కొన్ని కుటుంబాలకి క్యాష్, కొన్నింటికి అంతే విలువ వోచర్లు లాటరీ పద్ధతిలో ఇచ్చి పోల్చి చూశారు. తిండి విషయంలో గానీ ఇంట్లో పోగైన వస్తువుల విషయంలో గానీ రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు, పైగా క్యాష్ తీసుకున్నవాళ్లే ఎక్కువ రకాల వస్తువులు కొన్నారు, సంస్థకేమో వోచర్ నడపడానికే ఖర్చెక్కువైంది. అంటే అదనంగా పెట్టిన ఆ ఖర్చుతో కుటుంబాలకి ఒరిగిందేమీ లేదన్నమాట.

అలాగని వోచర్ పనికిరాదని కాదండి. ఈక్వెడార్ ఉత్తరాన 2011లో కొలంబియా శరణార్థులు, అక్కడి పేద కుటుంబాలు కలిసి ఉన్న పట్టణాల్లో నెలకి 40 డాలర్ల విలువ చొప్పున ఆరు నెలలు కొందరికి క్యాష్, కొందరికి వోచర్, కొందరికి నేరుగా సరుకు ఇచ్చి చూశారు. సరుకు ఇచ్చినచోట క్యాలరీలు బాగా పెరిగాయి, వోచర్ ఇచ్చినచోట తిండిలో వెరైటీ ఎక్కువ పెరిగింది, ఎందుకంటే ఆ వోచర్ మీద ఏవి కొనొచ్చో లిస్టు పోషకాహారాన్ని బట్టి రాశారు. ఖర్చు చూస్తే సరుకు ఒకసారి అందించడానికి సుమారు 11 డాలర్లు, క్యాష్‌కి వోచర్‌కి సుమారు 3 డాలర్ల చొప్పున. కాబట్టి 'ఈ ఇళ్లలో పిల్లలు ఫలానా రకం తిండి తినట్లేదు, అది మార్చాలి' అని మీ దగ్గర స్పష్టమైన లక్ష్యం ఉంటే వోచర్‌కి మంచి కారణం ఉన్నట్టే.

ఇంకొన్ని మంచి కారణాలు కూడా ఉన్నాయి. కొన్నిచోట్ల ప్రభుత్వమే క్యాష్ వద్దంటుంది, అప్పుడు మీ చేతిలో ఏమీ ఉండదు. బంగ్లాదేశ్‌లో కాక్స్ బజార్ క్యాంపుల్లో మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా శరణార్థులకి తిండి సాయం ఈ-వోచర్ రూపంలో నడవడానికి ఇదొక ముఖ్య కారణం. కొన్నిసార్లు డోనర్, అంటే నిధులిచ్చేవాళ్లు, ఇచ్చే డబ్బే తిండి కోసం అని కట్టేసి వస్తుంది. దారిలో సాయుధుల చెక్‌పోస్టులు ఉండి నోట్లు పట్టుకుని వెళ్తే లాక్కుంటారు. నాణ్యత ముఖ్యమైన వస్తువులు ఉంటాయి, విత్తనాలు, ఇంటి కట్టడం సామాను, తాగునీరు, వీటిలో చవకరకం కొంటే అసలుకే మోసం. సుడాన్‌లోని డార్ఫుర్‌లో చూడండి, ధాన్యం రేషన్ ఇస్తే దాన్ని పిండి పట్టించడానికి డబ్బుల్లేక అందులోంచే కొంత అమ్ముకునేవాళ్లు, అప్పుడు మిల్లు దగ్గర చెల్లే వోచర్లు ఇచ్చారు, రేషన్ ఇంట్లోనే మిగిలింది. ఇలాంటి చిన్న, గురిపెట్టిన వోచర్లంటే నాకు చాలా ఇష్టం, పెద్ద పెద్ద ప్రోగ్రాంల కంటే కొన్నిసార్లు ఇవే ఎక్కువ పనిచేస్తాయి.

ఇక్కడ ఒక గందరగోళం తీర్చేసి ముందుకెళ్దాం, ప్రపోజల్ రాసేటప్పుడు చాలామంది కలిపేస్తారు. పనికి వస్తేనే ఇస్తాం, ట్రైనింగుకి వస్తేనే ఇస్తాం అన్నది ఒక విషయం, అది తీసుకోవడానికి పెట్టిన షరతు. ఇచ్చాక దేనిమీద ఖర్చు పెట్టాలో కట్టడి చెయ్యడం ఇంకో విషయం. వోచర్‌లో రెండోది ఎప్పుడూ ఉంటుంది, మొదటిది ఉండాల్సిన అవసరం లేదు. నిన్నగాక మొన్న ఇల్లు పోగొట్టుకున్నవాళ్లకి ఆ మొదటి రకం షరతులు దయచేసి పెట్టకండి.

సరే, వోచరే అని తేల్చుకున్నారనుకుందాం. ఇక్కడినుంచి అసలు కథ. చాలా టీములు చేసేదేంటంటే నూటికి తొంభై పాళ్ల శక్తి లబ్ధిదారుల లిస్టు మీద, కార్డు ప్రింటింగు మీద, పంపిణీ రోజు క్యూల మీద పెడతారు, షాపువాళ్లతో మాత్రం ఒక మీటింగు పెట్టి సంతకాలు తీసుకుని వదిలేస్తారు. కానీ ఆ కుటుంబం మీ సాయాన్ని అనుభవించేది పంపిణీ కేంద్రంలో కాదు కదా, షాపు కౌంటర్ దగ్గర. అక్కడ తూకం తగ్గినా, రేటు పెరిగినా, 'ఆ సరుకు అయిపోయింది, ఇది తీసుకో' అన్నా, వోచర్ చూడగానే మొహం మార్చేసినా పోయేది మీ ప్రోగ్రాం పేరే.

కాబట్టి మొదట మార్కెట్ చూడండి. పది పదిహేను రోజులు పట్టే పెద్ద రిపోర్టు అక్కర్లేదు, మూడు విషయాలు తెలిస్తే చాలు. సరుకు ఎక్కడినుంచి వస్తోంది, ఆ దారి ఇంకా తెరిచే ఉందా? ఇంతమంది ఒకేసారి కొనడానికి వస్తే హోల్‌సేలర్ ఎన్ని రోజుల్లో మళ్లీ నింపగలడు? ఆ ఊళ్లో ముందునుంచి ఉన్నవాళ్లు కొనుక్కునే రేటు మీవల్ల పెరిగిపోతుందా? మూడోది చాలామంది మర్చిపోతారు. బయటినుంచి వచ్చినవాళ్లకి సాయం, స్థానికులకి మాత్రం ధరలు ఎక్కాయంటే రెండు వర్గాల మధ్య మంట పెట్టింది మనమే అవుతాం. రిటైల్ షాపుని మాత్రమే అడిగితే అన్నీ ఉన్నాయండి అంటాడు, వాడికి బిజినెస్ కావాలి, కాబట్టి వాడి సప్లయర్‌ని కూడా అడగండి, లారీవాడిని అడగండి.

షాపుల సంఖ్య విషయంలో ఎప్పుడూ టెన్షన్ ఉంటుంది, ఫైనాన్స్ వాళ్లకి తక్కువ షాపులు కావాలి ఎందుకంటే లెక్కలు ఈజీ, కుటుంబాలకి ఎక్కువ షాపులు కావాలి ఎందుకంటే బేరం ఆడొచ్చు, నచ్చకపోతే పక్క షాపుకి పోవచ్చు. నేను రెండోవైపే ఉంటా. కెన్యాలో కకూమా శరణార్థి క్యాంపులో 2015లో బాంబా చకూలా అని ఫోన్ సిమ్ ద్వారా నడిచే వోచర్ మొదలుపెట్టారు, క్యాంపు లోపల శరణార్థులే నడిపే షాపుల్ని కూడా చేర్చుకున్నారు, అది చాలా మంచి నిర్ణయం, డబ్బు అక్కడే తిరిగింది. కానీ లైసెన్సులు పరిమితంగా ఇచ్చారు కాబట్టి తర్వాత పరిశోధకులు చూస్తే, లైసెన్స్ దొరికిన షాపుల అమ్మకాలు గానీ లాభాలు గానీ దొరకనివాటికి రెట్టింపు దాటేశాయి. ఆ లాభం ఎక్కడినుంచి వస్తుంది చెప్పండి, కొంత ఎక్కువ అమ్మకాల వల్ల, కొంత పోటీ లేకపోవడం వల్ల. మీరు నాలుగు షాపులకే కాంట్రాక్ట్ ఇచ్చారంటే వాళ్ల చేతికి ఒక చిన్న గుత్తాధిపత్యం రాసిచ్చినట్టే, అందుకని అర్హతలు ముందే బయటపెట్టి, అవి ఉన్న ఎవర్నైనా చేర్చుకోండి, మధ్యలో కొత్తవాళ్లు చేరడానికి కూడా తలుపు తెరిచే ఉంచండి. అర్హతలు కూడా మరీ కాగితాల మయం చేస్తే పెద్ద వ్యాపారులే మిగులుతారు; ట్యాక్స్ సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా, మూడేళ్ల ఆడిట్ అని అడిగితే గుడారాల పక్కనే బడ్డీ నడిపే ఆవిడ ఎలా వస్తుంది?

ఇక పేమెంట్. వోచర్ ప్రోగ్రాంలు కూలేది ఎక్కువగా ఇక్కడే. షాపువాడు తన సరుకు ముందు ఇస్తాడు, మీరు డబ్బు తర్వాత ఇస్తారు, అంటే ఆ మధ్యకాలం మీ ప్రోగ్రాంకి అప్పిస్తున్నది వాడే. చిన్న షాపుకి పెట్టుబడి వారం పది రోజులకి మించి ఆగదు. మీ ఆఫీసులో బిల్లు నలుగురి సంతకాల కోసం నెలరోజులు తిరిగితే ఏమవుతుంది, వాడు రేటులో ఆ వడ్డీ కలిపేస్తాడు, లేదా నాసిరకం ఇస్తాడు, లేదా వోచర్‌వాళ్లని రేపు రమ్మంటాడు క్యాష్ కస్టమర్లకి మాత్రం ఇస్తాడు. తప్పు వాడిది అంటాం గానీ నన్నడిగితే సగం మనదే. కాంట్రాక్టులో ఎన్ని రోజుల్లో చెల్లిస్తామో రాసి, మొదటి రౌండు పంపిణీ మొదలవ్వకముందే ఫైనాన్స్ టీముతో కూర్చుని ఒక ఉత్తుత్తి బిల్లు మొదటినుంచి చివరిదాకా నడిపి చూడండి, ఎక్కడ ఇరుక్కుంటుందో అప్పుడే తెలుస్తుంది. వారానికోసారి సెటిల్మెంట్ చెయ్యగలిగితే అంతకంటే కావాల్సింది లేదు.

మీకు డబ్బు ఆగిపోతే ఏం చేస్తారో కూడా ఇప్పుడే అనుకోండి. 2014 డిసెంబర్ 1న ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమం నిధుల్లేక 17 లక్షలమంది సిరియా శరణార్థుల వోచర్లు ఆపేస్తున్నామని ప్రకటించింది, జోర్డాన్, లెబనాన్, టర్కీ, ఇరాక్, ఈజిప్టు అన్నిచోట్లా, అదీ చలికాలం మొదట్లో. కొద్ది రోజుల్లోనే విరాళాలు వచ్చి మళ్లీ మొదలైంది అనుకోండి. కాక్స్ బజార్‌లో 2023లో మనిషికి నెలకి 12 డాలర్లున్న వోచర్‌ని మార్చిలో 10కి, జూన్‌లో 8కి దించారు, అదీ నిధుల కొరతే. అంత పెద్ద సంస్థలకే అలా అయితే మనమెంత. కోత తప్పదంటే కనీసం ఒక నెల ముందు కుటుంబాలకీ షాపులకీ చెప్పాలి, ఎందుకంటే షాపువాడు మీ అంకెలు నమ్మి సరుకు దింపుకుని ఉంటాడు, కుటుంబం మీ వోచర్ నమ్మి షాపులో అరువు పెట్టి ఉంటుంది.

అరువు సంగతి వచ్చింది కాబట్టి అది కూడా చెప్తా. వోచర్ ఇచ్చిన చోటల్లా షాపు ఖాతా పుట్టుకొస్తుంది. నెల మధ్యలో తిండి అయిపోతుంది, షాపువాడు అప్పుగా ఇస్తాడు, హామీగా కార్డో సిమ్మో తన దగ్గరే పెట్టుకుంటాడు, వచ్చే నెల డబ్బు పడగానే వాడే స్వైప్ చేసేస్తాడు. ఇక ఆ కుటుంబానికి వేరే షాపుకి వెళ్లే అవకాశమే ఉండదు. దీన్ని నిషేధం అని బోర్డు పెట్టి ఆపలేరండి, ఆ అప్పు లేకపోతే వాళ్లు ఆ వారం పస్తులుంటారు. చెయ్యగలిగింది ఏంటంటే మొత్తం నెలకి ఒకేసారి కాకుండా రెండుసార్లు వెయ్యడం, ఎవరి కార్డు వాళ్ల దగ్గరే ఉందా అని ఫోన్ చేసి అడగడం, మొత్తం సరిపోతోందా అని మళ్లీ లెక్కేసుకోవడం.

సాయం తీసుకున్నవాళ్లు తిండి వోచర్‌తో కొన్న సరుకు అమ్ముకుంటున్నారని కంప్లైంట్లు వస్తాయి, తప్పకుండా వస్తాయి, పైవాళ్లు మోసం అంటారు. కకూమా పక్కనే ఉన్న కలోబెయేలో ఇదే చూశారు, తిండికి మాత్రమే చెల్లే సాయం అందినవాళ్లు మిగతా అవసరాల కోసం అందులో కొంత తక్కువ ధరకి అమ్ముకునేవాళ్లు, అప్పులూ పేరుకునేవి. పిల్లాడికి మందు కావాలి, వంటకి కట్టెలు కావాలి, అద్దె కట్టాలి, వోచర్ ఏమో పిండి నూనె తప్ప ఇంకేదీ ఇవ్వనంటుంది, మరి ఏం చేస్తారు? మీ సర్వేలో అమ్మకాలు బాగా కనిపిస్తే అది దొంగతనం కేసు కాదు, మీ లిస్టు తప్పుగా రాశారని డేటా. అప్పుడు లిస్టు పెంచండి, లేదా విలువలో కొంత భాగం క్యాష్‌గా మార్చండి. టర్కీలో సిరియా శరణార్థులకి 2012లో క్యాంపుల్లో తిండి కార్డుతో మొదలుపెట్టారు, 2016 చివర్లో క్యాంపుల బయట ఉన్నవాళ్లకోసం మొదలైన పెద్ద ప్రోగ్రాం మాత్రం నేరుగా ఏ కట్టడీ లేని క్యాషే ఇచ్చింది, మొదట మనిషికి నెలకి 100 లీరాలు. మీ దగ్గర కూడా అద్దె ఇళ్లలో ఉన్నవాళ్లకి అద్దే మొదటి ఖర్చు, వాళ్లకీ గుడారాల్లో ఉన్నవాళ్లకీ ఒకే వోచర్ అంటే సరిపడదు. నేనైతే ఆ రెండు గుంపుల్ని వేరుగా డిజైన్ చేస్తా.

వస్తువు రాసిన వోచరా, డబ్బు విలువ రాసిన వోచరా అనేది ధరల్ని బట్టి తేల్చుకోవాలి. ధరలు నిలకడగా ఉంటే విలువ వోచరే నయం, కుటుంబం తనకి కావాల్సింది ఏరుకుంటుంది. ధరలు వారం వారం ఎగురుతుంటే విలువ వోచర్ చేతిలోనే కరిగిపోతుంది, 2019 తర్వాత లెబనాన్ పౌండ్ పడిపోయినప్పుడు స్థానిక కరెన్సీలో సాయం అందుకున్నవాళ్లకి జరిగింది అదే. అప్పుడు ఇన్ని కిలోలు, ఇన్ని లీటర్లు అని రాసిన వోచర్ ఇస్తే కుటుంబానికి రక్షణ, కానీ ఆ ధర భారం షాపువాడి మీద పడకుండా మీరు రేటు తరచూ సవరించాలి, బడ్జెట్లో దానికి కొంత పక్కన పెట్టుకోవాలి. విలువ ఎంత ఉండాలి అంటే మనిషికి రోజుకి 2,100 కిలోక్యాలరీలు అనే స్ఫియర్ ప్రమాణంతో (సహాయ సంస్థలు అంతర్జాతీయంగా పాటించే కనీస ప్రమాణాలు) మొదలుపెట్టి, ఒక కుటుంబం నెలకి కనీసం ఏమేం కొనాలో బుట్ట రాసి, మార్కెట్ రేట్లతో లెక్కగట్టి, వాళ్లు తమంతట తాము సంపాదించుకోగలిగింది, వేరే సంస్థలు ఇస్తున్నది తీసేయండి. పక్క సంస్థ ఇదే టౌన్‌లో వేరే విలువ ఇస్తుంటే కూర్చుని ఒకే అంకెకి రండి, లేకపోతే మీ రెండు ఆఫీసుల ముందు రోజూ గొడవే.

పేపరా కార్డా అన్నదానికి నా జవాబు: నెట్‌వర్క్, కరెంటు, సమయం, ఎన్ని రౌండ్లు అన్నవి చూసి. రెండు మూడు నెలల పని, కొన్ని వందల కుటుంబాలు అయితే పేపర్ చాలు, దానికి సీరియల్ నంబరు, కాపీ కొట్టలేని ఏదో ఒక గుర్తు, చెల్లే చివరి తేదీ, ఇక చిన్న చిన్న విలువలుగా విడదీయడం తప్పనిసరి. ఒక్కటే పెద్ద కాగితం ఇస్తే చిల్లర రాదు, అవసరం లేకపోయినా మొత్తం ఒకేసారి కొనాలి, తడిగుడారంలో అన్నీ ఎక్కడ దాస్తారు? ఎక్కువకాలం నడిచేదైతే కార్డు, ఆఫ్‌లైన్‌లో కూడా పనిచేసే మెషీన్ ఉండాలి, పాడైన మెషీన్‌కి బదులు ఇంకోటి ఒక రోజులో అందాలి. జోర్డాన్‌లో అజ్రక్ క్యాంపులో కార్డు కూడా లేకుండా కౌంటర్ దగ్గర కంటిపాప స్కాన్‌తో కొనే పద్ధతి తెచ్చారు, చూడ్డానికి బాగుంటుంది గానీ మీ స్థాయిలో అలాంటివాటి జోలికి పోవద్దనే చెప్తా. యుద్ధం నుంచి పారిపోయొచ్చినవాళ్ల వేలిముద్రలు, కళ్లు, పేర్లు ఒకచోట పోగేస్తే వాటిని కాపాడే బాధ్యత కూడా మీదే. రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ సర్వర్లమీద దాడి జరిగి 5 లక్షల 15 వేలమందికి పైగా వివరాలు బయటివాళ్ల చేతికి పోయాయని 2022 జనవరిలో బయటపడింది. కాబట్టి అవసరమైనంతే తీసుకోండి, షాపువాడికైతే కార్డు నంబరూ బ్యాలెన్సూ తప్ప ఇంకేం కనిపించకూడదు, ముఖ్యంగా ఏ ఊరినుంచి వచ్చారు అనేది.

ఎవరి పేరు మీద ఇవ్వాలి అంటే చాలాచోట్ల ఆడవాళ్ల పేరు మీద ఇస్తారు, మంచిదే, కానీ ముందు వాళ్లనే విడిగా అడగండి, కొన్ని ఇళ్లలో దానివల్లే గొడవ మొదలవుతుంది. ముసలివాళ్లు, నడవలేనివాళ్లు, పెద్దదిక్కు లేని పిల్లలు ఉంటే వాళ్ల తరఫున తీసుకునే మనిషిని వాళ్లే ఎంచుకునేలా రాసుకోండి. షాపు ఎంత దూరం, రానుపోను బండి ఖర్చు ఎంత, అది వోచర్‌లో చెల్లదు కదా, ఆ కొంచెం క్యాష్ ఎక్కడినుంచి తెస్తారు, ఇవన్నీ కాగితం మీద కనపడవు.

నడుస్తున్నప్పుడు చూసుకోవాల్సింది: ప్రతి వారం మీ షాపుల్లో రేట్లు, మీ ప్రోగ్రాంలో లేని షాపుల్లో రేట్లు పక్కపక్కన రాయండి. తేడా పెరుగుతోందంటే షాపువాళ్లు కూడబలుక్కున్నారని గానీ మీ పేమెంట్ లేటవుతోందని గానీ అర్థం. రేట్లు షాపు బయట రాసిపెట్టమనండి, చదవలేనివాళ్ల కోసం సరుకు బొమ్మలతో. మామూలు కస్టమర్‌లా మనిషిని పంపి కొనిపించండి, తూకం చూడండి. కంప్లైంట్ నంబర్ ఎత్తేది షాపుల్ని కాంట్రాక్ట్‌లోకి తెచ్చిన ఉద్యోగే అయితే ఎవరూ నోరు విప్పరు, ఆ పని వేరే మనిషికి ఇవ్వండి. మొదటి నెల కంప్లైంట్లు ఒక్కటీ రాకపోతే సంతోషించకండి, నంబరు ఎవరికీ తెలియలేదనుకోండి.

మీ పైవాళ్లకి ఏం చెప్పాలి అని అడిగారు చివర్లో. మొదటి రెండు రౌండ్లు వోచర్‌తోనే నడుపుతాం, తర్వాత చేసే సర్వేలో అరువు, అమ్మకాలు, రేట్ల తేడా చూసి క్యాష్‌కి మారాలా వద్దా తేలుద్దాం అని ప్రపోజల్లోనే రాయించండి, డోనర్లు దీనికి మామూలుగా ఒప్పుకుంటారు, ముందే రాయకపోతే మాత్రం మధ్యలో మార్చడానికి నెలలు పడుతుంది. షాపులతో కాంట్రాక్టు కూడా ఆ రెండు రౌండ్లకే పెట్టి, పొడిగించుకునే వీలు అందులోనే రాసుకోండి. కాంట్రాక్టు ముసాయిదా అయ్యాక పేమెంట్ క్లాజు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తా.